పాత ఫిగో డీజిల్‌లో క్రాంక్ సెన్సర్: ఏ పార్ట్ కొనాలి, ఎవరి చేత వేయించాలి

పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. అది తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న బోల్టు, వెనకాల ఒక కనెక్టర్. చేతికి అందే చోట ఉంటే మార్చడం పది నిమిషాల పని. కానీ 2010లో మన రోడ్ల మీదికి వచ్చిన మొదటి తరం ఫోర్డ్ ఫిగో 1.4 డీజిల్‌లో దాన్ని క్రాంక్ పుల్లీ (క్రాంక్‌షాఫ్ట్ చివర బెల్టు తిప్పే చక్రం) వెనక, టైమింగ్ బెల్టు (క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు వాల్వులు నడిపే కామ్‌షాఫ్ట్‌ని తిప్పే రబ్బరు బెల్టు) కింది కవర్ దగ్గర పెట్టారు. అక్కడికి చేరాలంటే కుడి పక్క ముందు చక్రం ఊడదీయాలి. చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ తీయాలి. షెడ్డుల్లో ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అని పిలిచే బయటి బెల్టు తప్పించాలి. గట్టిగా బిగుసుకుపోయిన పుల్లీ బోల్టు విప్పి, పుల్లీ లాగి, కవర్ తీస్తే అప్పుడు కనిపిస్తుంది. ఇదే 1,399 సీసీ డీజిల్ ఇంజిన్ పెట్టిన ఫియస్టా, ఫ్యూజన్, ఐకాన్ కార్ల సంగతీ ఇంతే.

అంటే ఈ పనిలో డబ్బు ఎక్కువగా పోయేది వస్తువుకి కాదు, దాని దాకా వెళ్లే దారికి. అందుకే ఏ పార్ట్ కొనాలి, ఏ షెడ్డుకి ఇవ్వాలి, ఇంకేమైనా కలిపి చేయించాలా అనే ప్రతి ప్రశ్ననీ నేను ఒకే కొలతతో చూస్తాను: దీనివల్ల ఆ పుల్లీని రెండోసారి విప్పాల్సి వస్తుందా? వస్తుందనిపిస్తే ఆ ఎంపిక ఎంత చవకైనా వద్దు.

ముందు అసలు సెన్సరేనా?

క్రాంక్‌షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ క్షణాన ఏ స్థానంలో ఉంది అన్నది ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది ఈ సెన్సరే. ఈ ఇంజిన్‌లో క్రాంక్ పళ్లచక్రానికి ఒక అయస్కాంత వలయం ఉంటుంది. అది తిరుగుతుంటే సెన్సర్ ఒక్కో ధ్రువాన్నీ చదువుతుంది. వలయంలో ఒకచోట వదిలిన ఖాళీని బట్టి స్థానం తెలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఆ ఖాళీ సెకనుకు 50 సార్లు సెన్సర్ ముందు నుంచి వెళ్తుంది. ఆ సంకేతం ఆగితే డీజిల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్‌కి తెలియదు, కాబట్టి చిమ్మడం మానేస్తుంది. బండి నడుస్తూ నడుస్తూ స్విచ్ ఆపేసినట్టు ఆగిపోవడం అందుకే.

లక్షణాలు చాలామందికి తెలిసినవే. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. లేదా ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇది విని నూటికి తొంభై మంది మెకానిక్కులు క్రాంక్ సెన్సర్ అనేస్తారు. చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. కాకపోతే ఇవే లక్షణాలు ఇంకొన్ని కారణాల వల్లా వస్తాయి: డీజిల్ ఫిల్టర్ దగ్గర గాలి పీల్చడం, రైల్ ప్రెషర్ (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకి అందాల్సిన ఒత్తిడి) రాకపోవడం, రిలే వేడికి తప్పుకోవడం, బ్యాటరీ డౌన్ అయి సెల్ఫ్ నెమ్మదిగా తిరగడం, తాళంచెవిలోని చిప్‌ని బండి గుర్తించకపోవడం. పైన చేతికి అందే సెన్సర్ అయితే మార్చి చూద్దాం అనుకోవచ్చు. ఇక్కడ మార్చి చూడటమే అన్నిటికన్నా ఖరీదైన పరీక్ష.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0335 అని వచ్చిందనుకుందాం. చాలామంది దాన్ని "సెన్సర్ మార్చు" అన్న ఆజ్ఞలా తీసుకుంటారు. ఆ కోడ్ చెప్పేది క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సర్, కనెక్టర్, వైర్లు, కంప్యూటర్ దాకా మొత్తం. పీ0336 అయితే సంకేతం వస్తోంది కానీ సరిగా లేదని. ఇది అయస్కాంత వలయం దెబ్బతిన్నా రావచ్చు. అప్పుడు కొత్త సెన్సర్ వేసినా ఫలితం ఉండదు. పీ0340 అయితే అసలు ఈ సెన్సరే కాదు, పైన కామ్‌షాఫ్ట్ దగ్గరుండే ఇంకో సెన్సర్ సంగతి. దాన్ని మార్చడం దీనికన్నా చాలా తేలిక. రెండూ కలిపి కోడ్‌లు వస్తే టైమింగ్ జారిందేమో అని కూడా అనుమానించాలి.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష బండి మొరాయించిన ఆ నిమిషంలోనే చేయాలి. బండి కంప్యూటర్‌ని ఫోన్‌కి కలిపే చిన్న బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి డాష్‌బోర్డ్ అరలో పడేసుకోండి. ఫోర్డ్ బండ్లకి ఫోర్‌స్కాన్ అనే యాప్ బాగా పనిచేస్తుంది, ఇంకేదైనా మామూలు ఓబీడీ యాప్ అయినా ఫర్వాలేదు. బండి స్టార్ట్ కానప్పుడు యాప్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) తెరిచి, పక్కనున్నవారిని సెల్ఫ్ కొట్టమనండి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే అనుమానం క్రాంక్ సర్క్యూట్ మీద బలపడుతుంది. 200, 250 అలా చక్కగా చూపిస్తుంటే సెన్సర్‌ని వదిలేసి రైల్ ప్రెషర్ చూడండి. చల్లారి బండి స్టార్ట్ అయ్యాక షెడ్డుకి తీసుకెళ్తే ఈ సాక్ష్యం దొరకదు. మెకానిక్ ఊహ మీద ఆధారపడాల్సి వస్తుంది.

సున్నా వచ్చిందంటే తర్వాత చూడాల్సింది వైరింగ్. చక్రం, లైనర్ తీస్తే చాలావరకు కనెక్టర్ దాకా చేయి పోతుంది, పుల్లీ జోలికి వెళ్లక్కర్లేదు. ఇది హాల్ రకం సెన్సర్ (అయస్కాంతాన్ని చిప్‌తో పసిగట్టేది), మూడు తీగలది. కాబట్టి మల్టీమీటర్‌తో సెన్సర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలిచి బాగుందనో పోయిందనో తేల్చే పాత పద్ధతి దీనికి పనికిరాదు. తీగ చుట్ట ఉండే రెండు పిన్నుల సెన్సర్లకే ఆ పద్ధతి. ఇక్కడ చేయాల్సింది కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, బండి వైపు పిన్నుల్లో కరెంటు సరఫరా, ఎర్త్ సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటం. సరఫరానే రాకపోతే కొత్త సెన్సర్ వేసినా బండి కదలదు. పిన్నుకి పచ్చని తుప్పు, కనెక్టర్‌లోకి దిగిన ఆయిల్, ఎలుక కొరికిన వైరు, ఈ మూడూ మన దగ్గర మామూలే. సెల్లార్ పార్కింగుల్లో ఎలుకల పుణ్యమా అని ఎన్ని మంచి సెన్సర్లు చెత్తబుట్టలో పడ్డాయో లెక్క లేదు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఈ పరీక్షకి ఇచ్చే నాలుగైదు వందలే ఈ మొత్తం వ్యవహారంలో బాగా పనికొచ్చే ఖర్చు.

ఏ సెన్సర్ కొనాలి

బజార్లో నాలుగు రకాలు దొరుకుతాయి: కంపెనీ డబ్బాలో వచ్చే ఒరిజినల్, పేరున్న సెన్సర్ తయారీదారుల డబ్బాలో వచ్చేది, పేరూ ఊరూ లేని లోకల్, పాత బండి నుంచి తీసిన సెకండ్‌హ్యాండ్.

లోకల్ గురించి ముందే తేల్చేద్దాం. లెక్క కోసం లోకల్ సెన్సర్ 700, మంచిది 2,500, విప్పి బిగించే లేబర్ 2,500 అనుకుందాం. మంచిది వేస్తే మొత్తం 5,000తో పని అయిపోతుంది. లోకల్ వేస్తే 3,200. కానీ అది ఎండాకాలంలో చేతులెత్తేస్తే మళ్లీ మంచిది కొని, మళ్లీ లేబర్ కట్టాలి. అప్పుడు మొత్తం 8,200, పైన టోయింగ్ ఖర్చు. మీ ఊరి ధరలు వేసుకుని ఈ లెక్క మీరే చేసి చూడండి, తేడా ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. కొట్టులో "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి గ్యారంటీ లేదండీ" అని ముందే చెప్పేస్తారు. ఒకవేళ గ్యారంటీ ఇచ్చినా వస్తువు మారుస్తారే తప్ప మెకానిక్ లేబర్ ఎవరూ వెనక్కి ఇవ్వరు. పైగా హాల్ సెన్సర్‌లో లోపల చిన్న చిప్ ఉంటుంది. నాసిరకం వాటికి అసలు పరీక్ష వేడిలోనే. బిగించిన రోజు బాగానే పనిచేస్తుంది.

ఒరిజినల్‌కీ పేరున్న తయారీదారు సరుకుకీ మధ్య ఎంపికే నిజంగా ఆలోచించాల్సింది. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. అయినా సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని చెప్పింది. కాబట్టి అధీకృత సర్వీస్ సెంటర్ల ద్వారా ఒరిజినల్ తెప్పించుకునే దారి ఉంది. నాకైతే మొదటి ఎంపిక అదే. కారణం నాణ్యత ఒక్కటే కాదు. మీ బండి ఛాసిస్ నంబర్ ఇస్తే సరైన పార్ట్ నంబర్ వాళ్లే తీసి ఇస్తారు, పొరపాటు వస్తువు వచ్చే ప్రమాదం తగ్గుతుంది. స్టాక్ లేక వారం పది రోజులు ఆగాల్సి వస్తే ఆగవచ్చా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది.

ఆగలేనివాళ్లకి బాష్, డెన్సో, కాంటినెంటల్, హెల్లా, డెల్ఫీ లాంటి పేర్లు ధైర్యాన్నిస్తాయి. కార్ల కంపెనీలకి సెన్సర్లు సరఫరా చేసే సంస్థలు ఇవే. పైగా ఈ ఇంజిన్ ఫోర్డ్, ప్యూజో-సిట్రోయెన్ సంస్థలు కలిసి తయారుచేసిన కుటుంబానికి చెందింది. యూరప్‌లో అనేక మోడళ్లలో వాడారు కాబట్టి దీని భాగాలు అరుదైనవేమీ కావు. కాకపోతే బండి పేరు చెప్పి కాకుండా పార్ట్ నంబర్ చెప్పి కొనండి. 1.4 ఫిగో, 1.5 ఎకోస్పోర్ట్ రెండూ ఫోర్డ్ డీజిల్లే కదా అని ఒకదానిది ఇంకోదానికి ఇచ్చేసే కొట్లున్నాయి.

హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్, విశాఖలో గాజువాక వైపు ఆటోనగర్. ఎక్కడ కొన్నా పాత సెన్సర్‌ని చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. బోల్టు రంధ్రం, ముక్కు పొడవు, కనెక్టర్ లోపలి గాడి, పిన్నుల సంఖ్య ఒకేలా ఉండాలి. ముక్కు అర మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా వలయానికి దూరం పెరిగి సంకేతం బలహీనపడుతుంది. డబ్బా మీది పేరు చూసి మోసపోకండి, డబ్బాలకీ డూప్లికేట్లు ఉన్నాయి. సెన్సర్ ఒంటి మీద నంబరు అచ్చు స్పష్టంగా ఉందా, అది డబ్బా మీది నంబరుతో కలుస్తోందా అన్నది చూడాలి. అయితే చిక్కేమిటంటే పాతది చేతికి రావాలంటే బండి విప్పి ఉండాలి. అందుకే నంబరు ముందే తెలుసుకుని, వస్తువు తెచ్చుకుని, తర్వాతే బండి విప్పించడం మేలు. విప్పిన బండి షెడ్డులో పడి ఉంటే తొందరలో ఏది దొరికితే అది వేసేస్తారు.

సెకండ్‌హ్యాండ్ గురించి ఒక్క మాట. అద్దం, డోర్ హ్యాండిల్, డిక్కీ మూత లాంటివి విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై పుదుపేటలోనో పాతవి కొనడం తెలివైన పని. వయసుతో, వేడితో చెడిపోయే సెన్సర్‌ని అంతే వయసున్న ఇంకో బండి నుంచి తెచ్చుకోవడంలో మాత్రం అర్థం లేదు.

సెన్సర్ ఒక్కటేనా, టైమింగ్ బెల్టు కూడానా

నిజమైన నిర్ణయం ఇది. చాలామంది దీన్ని షెడ్డులో నిలబడి, ఫోన్‌లో "సార్, బెల్టు కూడా చేసేద్దామా?" అని అడిగినప్పుడు తీసుకుంటారు. డబ్బు గుంజడానికే అడుగుతున్నాడని కొందరు వద్దంటారు, ఇంకొందరు భయపడి సరేనంటారు. ముందే ఆలోచించి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

సెన్సర్ కోసం పుల్లీ, కింది కవర్ తీశారంటే టైమింగ్ బెల్టు పనిలో సగం దారి వచ్చేసినట్టే. మిగిలింది కుడివైపు ఇంజిన్ మౌంటింగ్ తప్పించి, కింద జాకీ ఆసరా ఇచ్చి, పై కవర్ తీసి, షాఫ్టులు కదలకుండా పట్టే టైమింగ్ పిన్నులు పెట్టి బెల్టు మార్చడం. కాబట్టి విడిగా చేయించే రెండు పనుల లేబర్ కన్నా కలిపి చేయించే లేబర్ తక్కువ కావాలి. మెకానిక్ రెండిటికీ పూర్తి లేబర్ విడివిడిగా వేస్తే అక్కడ బేరమాడండి, ఆ హక్కు మీకుంది.

బెల్టు తెగితే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోవాలి. ఈ ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగినా పళ్లు జారినా పిస్టన్ వచ్చి వాల్వుని కొడుతుంది. అప్పుడు హెడ్ విప్పాల్సిందే. పాత బండికి ఆ బిల్లు వస్తే చాలామంది బండినే అమ్మేస్తారు. బెల్టు రబ్బరు కాబట్టి కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. పన్నెండేళ్లలో 60 వేలే తిరిగింది కదా అన్న మాట బెల్టు విషయంలో చెల్లదు.

ఇక నా లెక్క ఇలా ఉంటుంది. బెల్టు మార్చినట్టు బిల్లు చేతిలో ఉండి, అది ఈ మధ్యదే అయితే సెన్సర్ ఒక్కటి చాలు. బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకి పాత యజమాని "అంతా చేయించానండీ" అని చెప్పిన మాట బిల్లు కిందికి రాదు. అలాంటప్పుడు బెల్టు, దాన్ని బిగువుగా, దారి తప్పకుండా ఉంచే చిన్న చక్రాలైన టెన్షనర్, ఐడ్లర్ ఉన్న కిట్‌తో పాటు వాటర్ పంపు కూడా కలిపి వేయించండి. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు తిరిగేది టైమింగ్ బెల్టుతోనే. అది రేపు లీకైతే మళ్లీ ఈ దారిలోనే రావాలి.

డబ్బు సర్దుబాటు కాక బెల్టు వద్దనుకున్నవాళ్లు కూడా ఒక పని చేయవచ్చు. కవర్ తీశాక ఫొటో పంపమని అడగండి. బెల్టు అంచులు చీలాయా, పగుళ్లు ఉన్నాయా, అన్నిటికన్నా ముఖ్యంగా ఆయిల్ తడి ఉందా అన్నది చూడాలి. క్రాంక్ ముందు సీల్ నుంచి ఆయిల్ కారుతుంటే అది సెన్సర్‌నీ బెల్టునీ కలిపి తడుపుతుంది. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బి బలం కోల్పోతుంది. ఆ తడి కనిపిస్తే ఇక ఎంపిక ఏమీ లేదు. సీల్, బెల్టు, సెన్సర్ మూడూ వేయాలి. సీల్ వదిలేసి సెన్సర్ మాత్రం వేయించుకుంటే ఆ ఆయిల్ కొత్త సెన్సర్ మీదే కారుతుంది.

బయటి బెల్టు ఎలాగూ చేతికి వచ్చేస్తుంది. దాని మీద పగుళ్లుంటే అక్కడే కొత్తది వేయించండి, దీనికి ఆలోచించేదేమీ లేదు.

ఎవరి చేత చేయించాలి

అధీకృత సర్వీస్ సెంటర్‌లో లేబర్ ఎక్కువ. కానీ టైమింగ్ పిన్నులు, టార్క్ పానా (ఎంత బిగువుకి బిగిస్తున్నామో కొలిచే పానా), సరైన స్కానర్ ఉంటాయి, వేసిన పార్ట్‌కీ పనికీ కాగితం మీద వారంటీ ఉంటుంది. తయారీ ఆగిపోయాక ఊరూరా ఉన్న సెంటర్లు తగ్గాయి, కాబట్టి చిన్న పట్నాల వాళ్లకి బండిని టో చేసి తీసుకెళ్లే ఖర్చు కలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్ద సెంటర్లలో అనుమానం వచ్చిన ప్రతిదీ మార్చేద్దామనే ధోరణి ఉంటుంది, వైరు అతికితే పోయేదానికి మొత్తం వైరింగ్ సెట్ అంచనాలో వేస్తారు. మీరు ముందే పరీక్ష చేయించి, ఏం మార్చాలో తెలుసుకుని వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు.

అధీకృత సెంటర్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, బయటికి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్న మెకానిక్కులు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నారు. ఈ పనికి నా ఓటు వాళ్లకే. ఇంజిన్ చేతికి అలవాటు, లేబర్ నడిమి ధర, మీరు తెచ్చిన పార్ట్ వేయడానికి అభ్యంతరం ఉండదు. అలాంటివాళ్లని గుర్తించడానికి ఒక చిన్న ప్రశ్న చాలు: "అన్నా, ఫిగో డీజిల్‌కి క్రాంక్ సెన్సర్ ఎక్కడుంటుంది?" పుల్లీ వెనక అని వెంటనే చెప్పి, బెల్టు ఎప్పుడు మార్చారని ఎదురు ప్రశ్న వేస్తే అతనికి పని తెలుసు. గేర్‌బాక్స్ దగ్గర, ఫ్లైవీల్ పైన అన్నాడంటే వేరే బండ్ల మీద చెయ్యి తిరిగినవాడు. మంచివాడే కావచ్చు, కానీ మీ బండి మీద నేర్చుకోనివ్వకండి.

మూల మీది మల్టీబ్రాండ్ షెడ్డుకి ఇవ్వకూడదని కాదు. పుల్లీ బోల్టు విషయంలో మాత్రం గట్టిగా అడగాలి. ఈ బోల్టు పుల్లీనే కాదు, లోపలి పళ్లచక్రాన్ని కూడా కలిపి బిగించి ఉంచుతుంది. దాన్ని టార్క్ పానాతో నిర్ణీత బిగువుకి బిగించి, తర్వాత కంపెనీ చెప్పిన కోణం తిప్పాలి. న్యూమాటిక్ గన్ పెట్టి డర్రుమనిపిస్తే కుదరదు. బోల్టు వదులైతే పుల్లీ ఊగి, లోపలి కీ తెగి, టైమింగ్‌కే ముప్పు వస్తుంది. కొత్త బోల్టు వేయడం మంచి అలవాటు, దాని ధర ఎంతో కాదు. విప్పేటప్పుడు ఫ్లైవీల్‌ని పిన్నుతో లాక్ చేయాలి. పానాని నేలకి ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు విప్పే పాత చిట్కాని దగ్గరికి రానివ్వకండి, పానా ఎటు ఎగురుతుందో తెలియదు. అయస్కాంతం ఉన్న టూల్స్‌ని ఆ వలయం దగ్గరికి తీసుకెళ్లకూడదని కూడా చెప్పండి. వలయం మీది అయస్కాంత గీతలు చెదిరితే పళ్లచక్రమే మార్చాల్సి వస్తుంది.

ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చా? సరదా, చోటు, జాకీ స్టాండ్లు ఉన్నవాళ్లు లైనర్ తీసి కనెక్టర్ శుభ్రం చేయడం, వైరింగ్ చూడటం వరకు నిశ్చింతగా చేసుకోవచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం చోట తల పెట్టకండి. ఫ్లైవీల్ లాక్ పిన్ను, టార్క్ పానా లేకుండా పుల్లీ జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిని కొనే డబ్బుతో మంచి మెకానిక్ లేబర్ వచ్చేస్తుంది.

వేరే బండి అయితే

ఇదంతా ఫిగో లెక్క. మీ బండిలో సెన్సర్ గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి గేర్‌బాక్స్ కలిసే చోటి గుల్ల) మీద ఉండి, కింద నుంచి ఒక బోల్టుతో వచ్చేదైతే ఎంపికలు తారుమారవుతాయి. అక్కడ లేబర్ తక్కువ కాబట్టి ఇంట్లో చేసుకోవడం, మార్చి చూడటం రెండూ అర్థవంతమే. తుప్పుపట్టి అతుక్కుపోయిన సెన్సర్‌ని మెలితిప్పి లాగితే ముక్కు విరిగి లోపలే ఉండిపోతుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, నానబెట్టి, కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదుపుతూ తీయాలి.

అమెరికాలో చదువుకోడానికి వెళ్లి పాత టయోటా క్యామ్రీ వీ6 కొనుక్కునే మన పిల్లలకి ఇదే సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. 1990ల నుంచి 2000ల మొదటి ఏళ్ల దాకా వాడిన 3.0 లీటర్ వీ6లో నాక్ సెన్సర్లు రెండూ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో ఉంటాయి. ఒకదానికే కోడ్ వచ్చినా అంత పైభాగం విప్పాక రెండూ, వాటి వైరూ, గ్యాస్కెట్లూ కలిపి మార్చడమే సరి. రెండోది కూడా అంతే వయసుది. సెన్సర్‌ని పైన ఎక్కడో బిగించడం, రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ని నమ్మించడం లాంటి చిట్కాలు చాలా తిరుగుతుంటాయి. నాక్ సెన్సర్ ఉన్నది ఇంజిన్‌లో మంట తప్పుగా అంటుకుంటే కంప్యూటర్‌కి చెప్పడానికి. ఆ హెచ్చరిక అందకుండా చేసి తిప్పితే పిస్టన్లకి దెబ్బ తగిలేదాకా మీకు తెలియదు. లైటు వెలిగినా బండి నడుస్తుంది కదా అని కొన్నాళ్లు వాయిదా వేయడం ఆ చిట్కాల కన్నా నయం.

క్రాంక్ సెన్సర్ విషయంలో మాత్రం వాయిదా వద్దు. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. డీజిల్ బండిలో బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కాబట్టి, ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా మారుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెనకాల లారీ ఉన్నప్పుడు ఆ అనుభవం ఎవరికీ అక్కర్లేదు. ఒకసారి వేడికి ఆగిన బండిని పరీక్ష అయ్యేదాకా హైవే ఎక్కించకండి.

ఇంత ఖర్చు పెట్టాలా, అమ్మేద్దామా అన్న ఆలోచన కూడా సహజమే. 2010 బండికి 2025తో 15 ఏళ్లు నిండాయి. ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటే ఐదేళ్లు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ రెన్యువల్ రుసుమే 5,000 అయింది, రాష్ట్రాన్ని బట్టి గ్రీన్ ట్యాక్స్ అదనం. బాడీ తుప్పు లేకుండా, ఇంజిన్ పొగ లేకుండా ఉండి, ఇంకో మూడు నాలుగేళ్లు వాడాలనుకుంటే సెన్సర్, బెల్టు కలిపి చేయించడం వృథా కాదు. ఏడాదిలో అమ్మేసే బండి అయితే మంచి సెన్సర్ ఒక్కటి వేయించి, బెల్టు సంగతి కొనేవారికి నిజం చెప్పి ధర తగ్గించుకోవడం మర్యాద. స్టార్ట్ కాని బండిని అలాగే అమ్మితే మాత్రం సెన్సర్ ఖరీదుకి పదింతలు ధర కోస్తారు.

పని అయ్యాక బండి తీసుకునేటప్పుడు కోడ్‌లు మెకానిక్ ముందే చెరిపించండి. ఏసీ వేసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా తిప్పి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. చల్లగా స్టార్ట్ అయిందని డబ్బు కట్టి వచ్చేయకండి. పాత సెన్సర్ అడిగి తీసుకోండి, బిల్లు మీద పార్ట్ నంబరు, ఆ రోజు కిలోమీటర్లు రాయించండి. బెల్టు వేస్తే దానికి వేరే లైను రాయించండి.